గల్ఫ్ కాదు... గోల్ఫ్!

"ఏమ్మే, గల్ఫుకు పోతుండావంటనే? మాకొక మాటన్నా చెప్పలేదే! ఎప్పుడు ప్రయాణం?"

మొన్నామధ్య మా వీధి చివరింటి పెద్దమ్మ నన్ను నిలేసి అడిగిన ప్రశ్న ఇది. ఆమె తప్పేం లేదు. మా దుత్తలూరు, ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఆడవాళ్ళు కువైట్‌కో, మరో ఎడారి దేశానికో పనికి పోవడం కొత్త సంగతి కాదు. నా కూతురు ఎవరితోనో "మా అమ్మ గోల్ఫ్ ఆడుద్ది" అనింది. ఆ మాట నాలుగిళ్ళు దాటేసరికి గోల్ఫ్ కాస్తా గల్ఫ్ అయింది.

"గల్ఫ్ కాదు పెద్దమ్మా, గోల్ఫ్. అదొక ఆట. కర్రతో బంతిని కొట్టి గుంటలో వేయాల" అని చెప్పాను.

పెద్దమ్మ నన్ను కిందనించి పైదాకా చూసింది. "ఆటా? పెళ్ళీడుకొచ్చిన కూతుర్ని పెట్టుకుని ఆటేందమ్మే! ఎందుకు నీకు?"

గమనించారా? గల్ఫ్ అనుకున్నప్పుడు "ఎప్పుడు?" అనింది. గోల్ఫ్ అనగానే "ఎందుకు?" అనింది. ఇల్లు విడిచి, పిల్లల్ని విడిచి, సముద్రాలు దాటి వేరొకరి వంటింట్లో పనిచేయడానికి పోతానంటే ఎందుకని అడగలేదు. ఊరి పక్కన బీట్లో వారానికి రెండు గంటలు ఆడుకుంటానంటే మాత్రం కారణం చెప్పాలి! ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న తేడా గురించే నా ఈ నాలుగు మాటలు.

ముందు నా సంగతి చెప్పాలి. నాకు నలభై ఆరేళ్ళు. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. మావారు ఎరువుల కొట్లో గుమాస్తా. అబ్బాయి నెల్లూరులో చదువుతున్నాడు, అమ్మాయి ఇంటరు. అత్తగారు మాతోనే ఉంటారు. నెలాఖరుకు చేతిలో మిగిలేదెంతో మీకు వేరే చెప్పక్కర్లేదు. హైస్కూల్లో ఉన్నప్పుడు నేను రింగు ఆట బాగా ఆడేదాన్ని. ఆత్మకూరులో పోటీలకు కూడా పోయాను. పదో తరగతి అయింది, ఆట అయిపోయింది. ఎవరూ మానమని చెప్పలేదు. వోణీతో పాటే అదీ పెట్టెలోకి పోయింది, అంతే.

మరి గోల్ఫ్ ఎక్కడినించి వచ్చిందంటారా? 2021 ఆగస్టు 7, శనివారం. తెల్లవారుజామున మావాడు టీవీ పెట్టుకుని కూర్చున్నాడు. టోక్యో ఒలింపిక్స్‌లో ఆఖరి రోజు ఆడోళ్ళ గోల్ఫ్. బెంగళూరు పిల్ల అదితి అశోక్ పతకానికి దగ్గరలో ఉంది. ప్రపంచ ర్యాంకుల్లో రెండువందలో స్థానంలో ఉన్న పిల్ల! ఒకే ఒక్క దెబ్బ తేడాతో కంచు పతకం పోయింది, నాలుగో స్థానం వచ్చింది. ఆ సాయంత్రం నీరజ్ చోప్రా బంగారం తెచ్చాడు గనక దేశమంతా అతన్నే తలచుకుంది. అది న్యాయమే. కానీ నా కళ్ళకు కట్టింది మాత్రం ఆ పిల్ల పక్కన సంచీ మోస్తూ నడిచిన ఆమె. "ఆమె ఎవర్రా?" అంటే "వాళ్ళమ్మ" అన్నాడు మావాడు. అంతకుముందు 2016 రియో ఒలింపిక్స్‌లో వాళ్ళ నాన్న మోశాడట. అప్పటికి ఆ పిల్లకు పద్దెనిమిదేళ్ళే.

వంటింట్లో పాలు పొంగిపోయాయి గానీ నేను లేవలేదు. నాకు అర్థమైనంతలో ఆ ఆటలో పరుగు లేదు, ఎగురుడు లేదు, ఎదుటివాళ్ళ మీద పడటం లేదు. నడవాలి, నిలబడాలి, చూసి కొట్టాలి. "ఇది నేనూ ఆడగల్ను గదరా!" అన్నాను. మావాడు నవ్వాడు. నేను నవ్వలేదు.

మా తమ్ముడు బెంగళూరులో ఒక పెద్దాయన దగ్గర కారు డ్రైవరు. ఆయన కొత్త కర్రలు కొనుక్కుని పాతవి పారేయబోతుంటే నా మాట గుర్తొచ్చి అడిగి తెచ్చాడు. మూడు కర్రలు, ఇరవై రెండు పాత బంతులు గోతాంలో చుట్టుకుని బస్సులో దిగాడు. అత్తగారు పలుగూపారా అనుకున్నారు! ఇరవై ఒకటో ఇరవై రెండో రకాల కర్రలు ఉంటేగానీ ఈ ఆట సాగదని నేనూ అనుకునేదాన్ని. అసలు నియమం ఒకరు పద్నాలుగు కర్రలకు మించి తీసుకుపోకూడదని. తక్కువుంటే తప్పని ఎక్కడా లేదు. నేర్చుకునేవాళ్ళకు ఏడో నంబరు ఇనప కర్ర ఒక్కటుంటే చాలని మా తమ్ముడు ఎవరినో అడిగి చెప్పాడు. నా మూడిట్లో అదుంది. ఇప్పటికీ ఎక్కువగా ఆడేది దానితోనే.

ఇక గడ్డి. గోల్ఫ్ అనగానే పచ్చటి తివాచీ పరిచినట్టున్న మైదానం గుర్తొస్తుంది. మన దగ్గర గోల్కొండ నయాకిలా పక్కనా, విశాఖలో ఈస్ట్ పాయింట్ క్లబ్బులోనూ అలాంటివి ఉన్నాయి. మా ఊరికి అలాంటి మైదానం కావాలని నేను అడగను. అడిగితే చెప్పుచ్చుకుని కొట్టాలి! మాది మెట్ట. వానలు తక్కువ, బోరు నీళ్ళలో ఫ్లోరైడు. తాగే నీళ్ళు క్యాను లెక్కన కొనుక్కునే చోట గడ్డికి నీళ్ళు పోస్తారా ఎవరైనా?

కానీ గోల్ఫ్‌కు గడ్డే ఉండాలని లేదు. గల్ఫ్ దేశాల ఎడారుల్లో చమురు కంపెనీల వాళ్ళు ఇసుకలోనే ఆడారు. గుంట చుట్టూ నూనె కలిపిన ఇసుకను చదును చేసేవారు. గ్రీన్ అనాల్సిన దాన్ని బ్రౌన్ అనేవారు. బంతిని పెట్టి కొట్టడానికి చిన్న చాపముక్క చంకన పెట్టుకుని తిరిగేవారు. చూశారా, గల్ఫుకూ గోల్ఫుకూ చుట్టరికం ఉంది! నేనూ ఆ దారే పట్టాను. చెరువు అవతల, కంపచెట్లు కొట్టేసిన బీడు ఒకటుంది. ఇంటి ముందర పాతబడిన కొబ్బరిపీచు పట్టాలోంచి ఒక ముక్క కోసుకున్నాను. దాని మీద బంతి పెట్టి కొడతాను. బీట్లో ఒక మూల రాళ్ళేరి, చీపురుతో ఊడ్చి, గుంట తవ్వి డబ్బా పాతాను. అసలు గుంట వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. నా డబ్బా కాస్త పెద్దది. పెద్దదైనా బంతి పడదు, అది వేరే సంగతి!

గుంటలోకి బంతిని మెల్లగా దొర్లించే కర్ర తమ్ముడు తెచ్చినవాటిలో లేదు. దాన్ని పట్టర్ అంటారు. కొత్తది కొనాలంటే నా వల్ల కాదు. అప్పుడు ఉదయగిరి గుర్తొచ్చింది. ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు మీకు తెలిసే ఉంటాయి. కొండ మీది నర్ది, బిక్కి లాంటి కర్రతో చేస్తారు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది వాటికి. ఆ పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. అలా గరిటెలు చేసే ఒకామెను అడిగాను. ఫోన్లో బొమ్మ చూసి "ఇదేంది, వంకర గరిటె మాదిరి ఉండాదే" అని నవ్వి, నాలుగు రోజుల్లో చేసిచ్చింది. ఇందులో వింతేం లేదు. ఒకప్పుడు గోల్ఫ్ కర్రలన్నీ కర్రవే. ఇనప కాడలను ఆ ఆట పెద్దలు బ్రిటన్‌లో ఒప్పుకున్నదే 1929లో.

ఇక అసలు విషయం, ఖర్చు. లెక్క రాసి పెట్టుకున్నాను గనక పైసలతో సహా చెప్తాను. కాన్వాసు బూట్లు 400. ఇళ్ళ దగ్గర కొట్టుకోడానికి చిల్లుల ప్లాస్టిక్ బంతులు డజను 300. ఉదయగిరి కర్రకు కూలి 250. బంతులు కంపలో కనబడక పోతుంటే ఎర్రరంగు వేయడానికి చిన్న డబ్బా 90. ఏడాదికొకసారి తమ్ముడింటికి పోయినప్పుడు, సభ్యత్వం లేనివాళ్ళు కూడా బుట్టకింతని కట్టి బంతులు కొట్టుకునే చోటొకటుంది అక్కడ. అక్కడి మ్యాటు మీద కొడితే నా తప్పులు నాకే తెలిశాయి. దానికి 300. మేక తాలూకు ఖర్చు 200. అది తర్వాత చెప్తాను. మొత్తం 1,540 రూపాయలు.

నేను పెట్టుకున్న నియమం ఏమంటే, నెలకొక జాకెట్టు కుట్టుకూలి నా ఆటకు. అంటే 150. ఏడాదికి 1,800. ఇంకా 260 రూపాయలు మిగిలాయి. ఇందులో ఇంటి డబ్బు పైసా లేదు. అయినా ఇంటి డబ్బుల్లోంచి తీసుకున్నా తప్పు కాదంటాను, ఆ మాట ముందు ముందు చెప్తాను.

మేక సంగతి చెప్పనివ్వండి. మొదట్లో ఉత్సాహం మీద ముందూ వెనకా చూడకుండా కొట్టాను. నా దెబ్బకు బంతి డెబ్బై, ఎనభై గజాలు పోతుంది. అదెళ్ళి కంపచాటున మేస్తున్న మేక డొక్కలో తగిలింది. మేకకేం కాలేదు గానీ కాపరి ఊరుకుంటాడా! రెండు వందలు ఇచ్చుకుని చేతులు జోడించాను. ఆ బంతి చూడ్డానికి నిమ్మకాయంత ఉన్నా రాయితో సమానం. మనిషి కణతకు తగిలితే ఇంకేమన్నా ఉందా? అందుకని ఎవరైనా మొదలుపెడితే ఈ జాగ్రత్తలు తీసుకోండి. ఎదురుగా వంద గజాల దాకా మనుషులూ పశువులూ లేరని చూసుకున్నాకే అసలు బంతి తీయాలి. పక్కన పిల్లలుంటే కర్ర ఊపకూడదు. ఇళ్ళ మధ్య చిల్లుల ప్లాస్టిక్ బంతే వాడాలి. కర్ర మన పొడవుకు తగినది కాకపోతే నడుము పట్టేస్తుంది. మొదటి నెలలో నాకు పట్టేసింది కూడా.

డబ్బు సంగతి ఇంతే. నిజం చెప్పాలంటే డబ్బు దగ్గర నేనెప్పుడూ ఆగలేదు. ఆగింది టైము దగ్గర.

పొద్దున అయిదున్నర నుంచి ఆరున్నర దాకా, బుధవారం ఒకటి, ఆదివారం ఒకటి. వారానికి రెండే రెండు గంటలు! ఈ రెండు గంటల కోసం మా ఇంట్లో జరిగిన యుద్ధం కురుక్షేత్రానికి తీసిపోదు. "పొద్దున్నే కాఫీ ఎవరు పెడతారు?" అన్నారు అత్తగారు. "వీధిలో ఏమనుకుంటారు?" అన్నారు మావారు. "ఆ కర్రలు పట్టుకుని చీరలో... నలుగురూ చూస్తారే" అన్నారు మళ్ళీ. నేను ఒకటే అడిగాను. "మీరు సాయంత్రం బంకు దగ్గర రెండు టీలు తాగి, ఆదివారం పేకాటకు కూర్చుంటారు గదా, ఎవరేమనుకున్నారు?" ఆయన మాట్లాడలేదు. వారం రోజులు ముభావంగా ఉన్నారు. నేనూ పంతానికి పోయాను. ఆ వారం మా ఇంట్లో మాటలకన్నా గిన్నెల చప్పుడే ఎక్కువ.

చివరికి కుదిరింది ఏమంటే, ఆ రెండు పూటలా కాఫీ ఆయన పెడతారు, నీళ్ళ క్యాను ఆయన తెస్తారు. మొదటి బుధవారం కాఫీలో చక్కెర మర్చిపోయారు. అత్తగారు మా ఆయన్ని ఏమీ అనకుండా నావైపు గుర్రుగా చూశారు! ఇప్పుడు చక్కెర సరిపోతోంది.

"నలుగురూ చూస్తారు" అన్న మాట మాత్రం నన్ను చాలా రోజులు తొలిచింది. తర్వాత తెలిసింది, ఈ మాట మా దుత్తలూరులో పుట్టింది కాదని. గోల్ఫ్ పుట్టిల్లు స్కాట్లాండు. అక్కడి సెయింట్ ఆండ్రూస్‌లో 1867లో ఆడవాళ్ళు క్లబ్బు పెట్టుకుంటే వాళ్ళకు దక్కింది బంతిని మెల్లగా దొర్లించుకునే చిన్న జాగా. పెద్ద మైదానం మగవాళ్ళది. 1890లో ఇంగ్లండులో వచ్చిన ఒక గోల్ఫ్ పుస్తకంలో అయితే ఆడవాళ్ళు డెబ్బై, ఎనభై గజాలకు మించి కొట్టకపోవడమే మంచిదని రాశారు. బలం లేక కాదట. అంతకన్నా దూరం కొట్టాలంటే కర్రను భుజం పైకెత్తాలి, అది చూడ్డానికి బాగుండదట! అదే ఊళ్ళోని పేరున్న మగవాళ్ళ క్లబ్బు ఆడవాళ్ళను సభ్యులుగా చేర్చుకోడానికి ఒప్పుకున్నది 2014 సెప్టెంబరులో. అమెరికాలోని ఆగస్టా క్లబ్బు 2012లో. అంటే దొరసానులకూ మనకూ ఈ విషయంలో పెద్ద తేడా లేదు. మా మేక సాక్షిగా నేను కొట్టేదీ ఎనభై గజాలే. కానీ కర్ర మాత్రం భుజం పైకే ఎత్తుతున్నాను.

ఇది డబ్బున్నోళ్ళ ఆట, మనకెందుకనే వాళ్ళున్నారు. నిజమే, క్లబ్బులు డబ్బున్నోళ్ళవే. కానీ ఆ సంచులు మోసినవాళ్ళు, ఆ గడ్డి కోసినవాళ్ళు ఎవరు? ఢిల్లీలో సంచులు మోసిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఆ పోటీలో గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్ ఆటగాడు అతనే. కలకత్తాలో మైదానం చూసుకునే ఉద్యోగి కొడుకు చౌరాసియా 2016లో, 2017లో వరసగా అదే పోటీ గెలిచాడు. ఆటను కొనుక్కున్నది డబ్బున్నోళ్ళు కావచ్చు. అంతమాత్రాన ఆట వాళ్ళది అయిపోదు.

ఇంకొందరు మంచి మనసుతోనే అడుగుతారు. "ఆరోగ్యం కోసమైతే నడవొచ్చు గదా?" అని. నడవొచ్చు. నడవండి కూడా. కానీ నడక డాక్టరు రాసిచ్చే మందులాంటిది. షుగరొస్తే నడవమంటారు, మోకాళ్ళు పడితే నడవమంటారు. ఆడది తన కోసం ఏదన్నా చేయాలంటే ముందు జబ్బు చేయాలా? ఆట ఇష్టం. ఇష్టానికి డాక్టరు చీటీ ఎందుకు? ఆ బంతి సరిగ్గా తగిలినప్పుడు చేతుల్లోకి ఒక చప్పుడు పాకుతుంది. ఇరవై సార్లు కొడితే ఒక్కసారి వస్తుంది అది. ఆ ఒక్కసారి కోసం బుధవారం దాకా ఎదురు చూస్తాను. పదో తరగతి తర్వాత నేను దేనికోసమైనా ఇలా ఎదురు చూసింది పిల్లల కోసం తప్ప నా కోసం లేదు.

మా తోటికోడలు గురించి చెప్పకుండా ముగించలేను. ఆమె పదకొండేళ్ళు కువైట్‌లో ఇంటిపని చేసింది. ఆ డబ్బుతోనే ఇల్లు లేచింది, ఆడబిడ్డ పెళ్ళి జరిగింది, ఇద్దరు పిల్లలు చదివారు. ఆమె పోయేటప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చుని అప్పు తెచ్చి, పాస్‌పోర్టుకు తిరిగి, బస్సెక్కించారు. తిరిగొచ్చేసరికి మోకాళ్ళు అరిగాయి. ఒక ఆదివారం పొద్దున "నేనూ వస్తానే" అని నాతో బీటికి వచ్చింది. ఊరికే చూస్తానంది. కాసేపటికి కర్ర అడిగి తీసుకుంది. నాలుగుసార్లు గాలిని కొట్టింది. అయిదోసారి బంతి లేచింది. ఎక్కువ దూరం కాదు, ముప్పై గజాలుంటుందేమో. ఆ బంతి పోయిన వైపే చూస్తూ నిలబడిపోయింది.

"అక్కా, కాళ్ళు నొస్తన్నాయా?" అనడిగాను.

"లేదు లేమ్మే. ఆ ఊళ్ళో పదకొండేళ్ళున్నా గదా, ఒక పూటన్నా ఇది నా కోసం అని ఏదన్నా చేశానా అని తలుచుకుంటన్నా" అనింది.

నేనేం జవాబు చెప్పను?

అందుకే అంటున్నాను. మనం ఇంటి లెక్కలు రాసుకుంటాం. పాలు, బియ్యం, కరెంటు, ఫీజులు, చీటీ, పెళ్ళిళ్ళ చదివింపులు... అందరి పద్దులూ ఉంటాయి. మన పేరు మీద ఒక్క పద్దు ఉంటుందా? గోల్ఫే అక్కర్లేదు. రింగు ఆట కావచ్చు, షటిల్ కావచ్చు, చెరువు గట్టున ఈత కావచ్చు. నూట యాభై రూపాయలూ, వారానికి రెండు గంటలూ "అమ్మ ఆట" అని ఒక వరస రాయండి. మీ సంపాదనలోంచి కుదిరితే సరే, కుదరకపోతే ఇంటి డబ్బుల్లోంచే రాయండి. మనం చేసే పనికి కూలి కడితే ఆ ఇంటి డబ్బు ఎవరిదో తేలుతుంది! ఆ వరస మీ అమ్మాయి చదివేలా రాయండి. మా అమ్మాయి ఇంటరుకొచ్చాక షటిల్ మానేస్తానంది. ఈమధ్య మళ్ళీ రాకెట్టు తీసింది. నేనేం చెప్పలేదు. బుధవారం పొద్దున నేను బూట్లు కట్టుకోవడం చూస్తోంది, అంతే.

అన్నట్టు, చివరింటి పెద్దమ్మ మొన్న మంగళవారం మళ్ళీ ఎదురుపడింది. ఈసారి ఎందుకని అడగలేదు.

"రేపు బుధవారం గదా, పోవా? పోయేటప్పుడు మా తలుపు తట్టు. అదేందో నేనూ చూస్తా" అనింది.